పదకొండు ట్రేలు

బరంపురం. పెద్దాసుపత్రి వెనక వరండా.
ఆవిరి పెట్టె ఈల వేసి ఊరుకుంది.
ఊర్మిళా సుబుద్ధి తలుపు తీసింది,
వేడి వచ్చి ఆమె కళ్ళద్దాల మీద కూర్చుంది.

ఒక్కొక్కటే దించుతోంది, నడుం మీద చెయ్యేసి.
ఒక్క వెన్ను ఆపరేషనుకి పదకొండు ట్రేలు.
స్క్రూలు ఒకదాంట్లో, స్క్రూ తిప్పేవి ఇంకోదాంట్లో,
కడ్డీలు వంచే పటకార్లు,
ఏ డాక్టరూ ముట్టని సైజులు
ప్రతిసారీ వచ్చి, ఉడికి, ఊరికే వెళ్ళిపోయేవి.

నేను నోటుపుస్తకంతో వచ్చినవాణ్ణి.
సర్జన్ని అడిగాను, ఆయన అసిస్టెంటుని అడిగాను.
ఎక్స్‌రేలో దండాసి నడుం చూశాను:
రైసుమిల్లులో ఇరవయ్యేళ్ళు బస్తాలు మోసిన నడుం.
నాలుగో పూసకీ ఐదో పూసకీ
మధ్యనున్న మెత్త అరిగిపోయి
నూరుకుంటున్నాయి రెండూ,
గింజ వెయ్యని తిరగలిలా.

వాటి మధ్య చిన్న గూడు పెట్టాలి, అంతే.
ఆ గూటికి చేరడానికే ఇన్నాళ్ళూ
జానెడు కోత,
ఎముక నుంచి కండ ఒలిచి
మూడు గంటలు కొక్కేలకి కట్టెయ్యడం.
గూడు మంచిదే. దారే గాయం.

"పనసతొన ఒకటి కావాలంటే
కాయంతా చీరియ్యాలేటి బాబూ?"
అంది ఊర్మిళ, నా బొమ్మ కేసి చూడకుండానే.

ఆ సాయంత్రం నేతగాళ్ళ వీధిలో
ఇరుకు గుమ్మంలోంచి మడతమంచం
పక్కవాటుగా దూరి
లోపలికెళ్ళాక కాళ్ళు చాపుకోవడం చూశాను.
ఎనిమిది మిల్లీమీటర్లుగా దూరి
లోపల పన్నెండుగా లేచే టైటానియం గూడు గీశాను.
రెండు వేళ్ళ కోత చాలు.
గోడల నిండా చిల్లులు, తేనెపట్టులా.
ఎముక పాకి రావాలి కదా.
బీరపాదుకి పందిరిరాట ఎంతో
ఎముకకి ఈ లోహం అంత.

కసాయి అంగడి నుంచి మేక వెన్ను తెచ్చి
ఒక గురువారం మధ్యాహ్నం పెట్టి చూశాం.
దూరింది. లేచింది. సర్జన్ నవ్వారు.
నా భుజం నేనే తట్టుకున్నాను.

ఊర్మిళ దూర్చే కర్రని సింకులోకి తీసుకెళ్ళింది.
తోమింది. మళ్ళీ తోమింది.
మూడోసారీ బ్రష్షు కుచ్చు ఎర్రగానే వచ్చింది.
"ఈ కీలు నెత్తురు దాచుకుంటాది బాబూ.
ఇక్కడో సందుందని ఆవిరికి తెలీదు.
రేపు ఇంకొకడి నడుంలోకి ఇదే పోతాది."

ఐదు నెలల పని. ఒక సందు.

కీలు తీసేశాను. వాలు పెట్టాను,
రెండు వాలుబిళ్ళలు ఒకదాని మీదొకటి జారి లేచేట్టు.
కర్ర మూడు ముక్కలుగా విడిపోయేట్టు,
నీళ్ళు ఈ కొసన పోస్తే ఆ కొసన కనబడేట్టు.
తొమ్మిది సైజులు మూడయ్యాయి.

పరీక్షలకి, కాగితాలకి, ముద్రలకి నాలుగేళ్ళు.
ఈలోగా దండాసి పాత పద్ధతిలోనే కోయించుకున్నాడు.
గేటు దగ్గర టోకెన్లిస్తాడిప్పుడు,
లేచేటప్పుడు గోడ పట్టుకుంటాడు.
"బాగున్నారా" అంటాడు నన్నే.
నా దగ్గర జవాబుండదు.

కొత్త గూడు మొదట పెట్టింది
ఆస్కా నుంచొచ్చిన చెరుకుకూలి మనిషికి.
మర్నాడు తనే లేచి నీళ్ళకుండ దాకా నడిచిందట.
నేను చూడలేదు.
నేను వెనక వరండాలో ఉన్నాను,
పదకొండేడులు డెబ్బయ్యేడు కిలోలని
ఇన్నేళ్ళకి లెక్క కట్టుకుంటూ.
నా పట్టికల్లో ఎక్కడా రాసుకోని వెన్ను
నా ముందునుంచే నడిచొస్తోంది:

ఒక చేతిలో ట్రే,
ఇంకో చేతిలో టీ గ్లాసు.

"ఏటలా చూస్తావు?
జరుగు. కాల్తాది."