కర్రకి తూకం లేదు

జ్ఞానాపురం రైలువంతెన అవతల
తుప్పు వాసనే చెబుతుంది నూకరత్నం కొట్టెక్కడో.
ఓడల గొలుసుల పక్కన, రెక్కలు వంగిన ఫ్యాన్ల కింద
గోనెపట్టా మీద ఆదివారపు రాశి:
పళ్ళూడిన రంపాలు, తల చితికిన ఉలులు,
పిడి లేని బాడిస ఒకటి.
బాడిస నాకక్కర్లేదు, అయినా ఎత్తి చూశాను.

"ఏటి బావూ, కొంతావా, సూసి పోతావా?"
పోయిన వారమూ ఇదే అడిగింది.
పోయిన వారం చూసే పోయాను.

నాకు తెలిసింది కొంచెమే.
ఉలిని ఎండకేసి పట్టాలి,
అంచు మీద వెలుగు నిలిస్తే మొద్దు.
రంపాన్ని వంచి వదిలితే తిన్నగా లేవాలి.
ఇవి చెప్పిన మస్తాన్‌వలి
పోర్టు గేటు దగ్గర తాళాలు బాగుచేస్తాడు,
అతనూ వడ్రంగి కాడు.

అడుగున దొరికింది చిత్రిక.
అరచేతుల జిడ్డు తాగి నల్లబడ్డ టేకు దిమ్మ.
వెనక కాల్చి వేసిన రెండక్షరాలు: బం. సూ.
బంగారయ్య కొడుకు సూరా? బండారు సూర్యమా?
"ఏమో. పడవలు కట్టీవోడి సామాను.
కోడలు సంచీతో తెచ్చి పడీసింది."

బిళ్ళ ఊడగొట్టి ఇనపరేకు ఒక్కటే తూచింది.
"కర్రకి డబ్బుల్లేవు, ఊరికే అట్టుకుపో."

పరీక్షకి పాత తలుపు ముక్క ఇచ్చింది.
మొదటి తోపుకి కదల్లేదు.
రెండో తోపుకి ఎదురుపేడు తగిలి చెక్కను కొరికింది.
పిడి మీద బొటనవేలి గుంట ఒకటి ఉంది,
ఎంత సర్దినా నా వేలు అందులో పడదు.

నూకరత్నం తమలపాకు నమలడం ఆపింది.
"ఆడు పుర్రచేతోడు గావాల. చెయ్యి మార్సు."

మార్చాను.
పచ్చరంగు లేచింది, కింద నీలం,
నీలం కింద ఎవరి పెళ్ళికో వేసిన పసుపు,
ఆ తర్వాత చుట్టలు చుట్టుకుంటూ
ఉల్లిపొర లాంటి కర్ర.
వాసన చూడమని ఆమెకిచ్చాను.
చూసి, చెవి మీద పెట్టుకుంది.

ఇప్పుడు మా కంచరపాలెం బాల్కనీలో
రాత్రి కిరసనాయిలుతో తుడిచిన రేకు మీద
తెల్లారేసరికి మళ్ళీ సముద్రం.
సానరాయి మీద రోజూ పావుగంట,
ఆ తర్వాత ఎడంచేత్తో, పలక పట్టిన పిల్లాడిలా,
తోస్తాను, ఆగుతాను, తోస్తాను.

పీట చేద్దామని తెచ్చిన చెక్క
చదును చేసీ చేసీ
గీతలబద్దంత పలచనైంది.

మా ఆవిడ దాంతో దోమతెర అంచు నొక్కిపెట్టింది.