తిన్నంక

నన్ను ఆమె బీపీ సారు అంటది.
బీపీఎం అంటే పోస్టాఫీసు నడిపేటోడని
రెండుసార్లు చెప్పి వదిలేసిన.

పేరు ఈదమ్మ. వయసు నలభై ఆరు.
పింఛను రకం: ఒంటరి మహిళ.
ఆ రెండు మాటలు కాయితం మీద ఎక్కనీకె
మొగడు ఇంకో ఇల్లు చేసుకున్న ఏడేండ్లకు
మండలాఫీసు చుట్టు తిరిగిందంట.
ఇద్దరు సాక్షులను తెమ్మన్నరంట.
"ఒక్కదాన్నని చెప్పనీకె
ఇద్దరు యాడ దొరుకుతరు సారూ?"
నవ్వింది. నవ్వు నడుమ దగ్గొచ్చి
చానాసేపు పోలేదు.

కొల్లాపురం పొయ్యే తొవ్వల ఈ ఊరు.
పోస్టాఫీసంటే ఒక రేకుల గది, ఒక స్టూలు, నేను.
నెలాఖర్ల లైనంతా ఒడిసినంక వస్తది.
బొటనేలు కొంగుకు తుడుచుకొని
మిషను మీద పెడ్తది.
పడదు.
పల్లికాయ తెంపీ తెంపీ గీతలు అరిగినయి.
ఆమె వేలు పట్టుకొని, తడిబట్టతో రుద్ది,
కొబ్బరినూనె చుక్క రాసి అదిమి పెడ్త.
ఎర్ర లైటు.
మళ్ల పెడ్త. ఎర్ర లైటు.
నాకు చెమటలు. ఆమెకు తొందర లేదు.
ఒకసారి కండ్లు మూసుకున్నది,
కునుకు పట్టిందేమో అనుకున్న.

రాత్రి నిద్ర రాదంట.
పక్కింట్ల టీవీ బందైనంక
తన గుండె సప్పుడు తనకే ఇనొస్తదంట,
ఎవరో తలుపు కొడుతున్నరని రెండుసార్లు లేసి సూసిందంట.
మోకాళ్లు సహకరించక
కైకిలి ఆటోల ఆమె జాగ ఇంకొకామెకు పోయింది.
ఆటో పోతే పని ఒక్కటే పోలేదు,
పొద్దుగాల ఆరింటికి
"ఈదమ్మా, వస్తున్నవా?" అనే కేక పోయింది.

నాగర్‌కర్నూల్ దవాఖానల గోళీలిచ్చిన్రు.
కవరు మీద "తిన్నంక" అని రాసిన్రు.
"తింటేనే గద సారూ, తిన్నంక.
ఒక్క రొట్టెకు పొయ్యెవరు ముట్టిస్తరు?"
గోళీల డబ్బ నిండుగనే ఉన్నది.
ఈదమ్మే తరుగుతున్నది.

ఎవరితోనన్న మాట్లాడొచ్చు గద అంటే
ఆలోచించి చెప్పింది:
"మాటలున్నయి సారూ. మొదలే దొరకదు."

నాది హుజూర్‌నగర్ దిక్కు.
పోస్టింగొచ్చిన కొత్తల
ఒక శనివారం మాపటికి తాళమేసుకొని
అద్దె గదికి పోయిన.
సోమవారం కౌంటరు కాడ "ఎంత?" అని అడగబోతే
గొంతు పెగల్లేదు.
అప్పుడు లెక్క తెలిసింది:
నడుమ ఒక రోజంత
నా నోట్ల నుంచి ఒక్క మాట బయటికి రాలేదు.
ఈ సంగతి ఆమెకు చెప్పలేదు.
మణికట్టు కాడ ఏలు పెట్టి మాత్రం
అప్పుడప్పుడు చూసుకుంట.

ఈ నెల కొత్త పద్ధతి వచ్చింది.
ఏలు అక్కర్లేదు. ఫోను ముఖం చూస్తది.
కండ్లు ఒకసారి ఆర్పుమంటది,
మనిషి బతికున్నదని దానికి రుజువు కావాలె.
ఈదమ్మ కండ్లు ఆర్పింది.
పచ్చ లైటు.
నాలుగు సెకండ్లు కూడ పట్టలేదు.

రెండువేల పదహార్లు లెక్కపెట్టి ముందట పెట్టిన.
తీసుకోలేదు.
బొటనేలు కొంగుకు తుడుచుకొని
అట్లనే చాపి నిలబడ్డది.
"ఇగ ఏలు వద్దా, బీపీ సారూ?"

ఫోను బోర్లేసిన.
పాత మిషను మీది దుమ్ము తుడుస్తూ
నెట్టు లేదు, జరసేపు కూసో అన్న.

నెట్టు ఫుల్లుగనే ఉండె.