నాలుగు తప్పులు

తార్నాకలో మూడో అంతస్తు, పన్నెండో నంబరు గది.
కూలరు తీసేశాం, ట్యూబ్‌లైటు ఆర్పేశాం,
గోడలో పారే కరెంటు కూడా
మనిషి తలలో ఆలోచనలా కనబడుతుందని.
బయట ఏప్రిల్.

పెంటోజి గారిది మోండా మార్కెట్ వెనక
త్రాసులు బాగుచేసే దుకాణం.
ముప్పై రెండు కళ్ళ టోపీ తొడిగి
ఒక్కో కంట్లో జెల్లు నింపుతుంటే
"ఎండలకు మంచిగనే ఉన్నది బిడ్డా,
రోజు పెడ్తవా?" అన్నారు.

ఆట చిన్నదే.
నడిమి బాణం ఎటు చూస్తే ఆ మీట నొక్కాలి.
పక్క బాణాలు అబద్ధం చెబుతాయి.
వేలు తప్పిందని మనసుకి తెలిసేలోపే
నుదుటి వెనక ఒక అల కిందికి దిగుతుంది,
అయ్యో అనే మాటకి ముందు పుట్టే అయ్యో.
దాని లోతే మనిషికి మేమిచ్చే మార్కు.
దిగులుపడే వాళ్ళకి లోతెక్కువని
మా సారు రాస్తున్న వ్యాసం.

ఒంటరి అల కనబడదు.
రెప్ప పడినా, దవడ బిగిసినా కొట్టుకుపోతుంది.
అందుకే తప్పు మీద తప్పు పేర్చి సగటు తీస్తాం.
విడివిడిగా అన్నీ పిచ్చిగీతలే,
ఓ నలభై కలిస్తే గాని
లోయ తేలదు.

రాత్రి హబ్సిగూడ హాస్టల్లో
బేసి తప్పులు ఒక పక్క, సరి తప్పులు ఒక పక్క పెట్టి
అరవై మందినీ చెరిసగం చేశాను.
అదే మనిషి, అదే పూట, అదే టోపీ.
అయినా నౌహీద్
బేసిలో మూడో స్థానం, సరిలో నలభై ఏడు.
రెండు సగాలకీ పొంతన సున్నా పాయింట్ నలభై ఒకటి.
నీళ్ళు తాగొచ్చి మళ్ళీ వేశాను.
నలభై ఒకటే.

"మన రంగంలో ఇదంతా ఎవరూ అడగరమ్మా"
అన్నారు సారు, టీ చల్లార్చుకుంటూ.

పెంటోజి గారి వరస దగ్గర ఆగాను.
నాలుగొందల ఎనభై బాణాలకి నాలుగే తప్పులు.
నలభై ఏళ్ళు ముల్లునే చూసిన కళ్ళు మరి.
రెండు అటు, రెండు ఇటు,
ఏం లోయ తేలుతుంది?
పేరు పక్కన "తొలగించడమైనది" అని కొట్టి
ఆ మాటనే చాలాసేపు చూశాను.

శనివారం
షాంపూ ప్యాకెట్టు ఇవ్వడం మరిచానన్న సాకుతో వెళ్ళాను.
"నా తలకాయ ఎంత తూగింది?"
తూగలేదు, తప్పులు చాల్లేదన్నాను.
దుకాణం దద్దరిల్లేలా నవ్వారు.
నవ్వి, ఎవరూ అడగరన్నది అడిగేశారు:
"మరి నీ త్రాసు సక్కగున్నదని ఎట్ల ఎరుక?"

నేను తడుముకుంటుంటే
ఎవరిదో కిరాణా త్రాసు ముందుకి లాగి
ఎడమ పళ్ళెంలో రాయి, కుడి పళ్ళెంలో బెల్లం పెట్టారు.
ముల్లు నిలిచింది.
అటుది ఇటు, ఇటుది అటు మార్చారు.
ముల్లు ఒరిగింది, గోరంత.
"ఒక్కదిక్కే తూస్తే ఏ త్రాసైనా ధర్మరాజే."

షాంపూ ప్యాకెట్టు చొక్కా జేబులో పెట్టుకుంటూ
"మళ్ళొస్త బిడ్డా,
ఈసారి నీకోసం నలభై తప్పులు చేస్త" అన్నారు.

కావాలని చేస్తే ఆ అల దిగదని
చెప్పబుద్ధి కాలేదు.
సోమవారం పదింటికి రమ్మన్నాను.