పన్నెండు గళ్లు

నర్సాపురం స్టేషన్ రోడ్డులో లేసు డిపో మేడ మీద
ఇన్వర్టర్ ఎంతసేపు బతికితే అంతసేపు నా ఉద్యోగం.
గన్నాబత్తుల వారికి వెబ్‌సైటు కావాలి:
"పెద్ద కంప్యూటర్లోనూ బాగుండాలి, అరచేతిలోనూ బాగుండాలి,
జర్మనీ వాళ్లు ఎందులో చూస్తారో మనకేం తెలుసమ్మా."
పదిహేను వేలు. సగం ముందిస్తానన్నారు.
ఆ సగం ఇంకా మాట మీదే ఉంది.

మొదట్నుంచీ కట్టక్కర్లేదు.
ముఖం తెలియనివాళ్లెవరో రాసిపెట్టిన ఫ్రేమ్‌వర్క్
తెరని నిలువునా పన్నెండు గళ్లు చేసి చేతికిస్తుంది.
నాలుగు బొమ్మకి, ఎనిమిది మాటలకి.
మూడేసి చొప్పున నాలుగు దుప్పట్లు పక్కపక్కన.
తెర సన్నబడితే అవే దిగి ఒకదాని కిందొకటి నిలబడతాయి,
సఖినేటిపల్లి పంటు మీద అడ్డదిడ్డంగా ఉన్న మోటార్‌సైకిళ్లు
రేవు చెక్క దగ్గర ఒక్క వరసైపోయినట్టు.

నా లాప్‌టాప్‌లో అంతా అలాగే జరిగింది.
బ్రౌజర్ అంచు పట్టుకుని లోపలికి నొక్కాను, బయటికి లాగాను,
హార్మనీ తిత్తిలా, పదిసార్లు.

దీనమ్మ సరుకు అప్పజెప్పడానికొచ్చింది.
పువ్వు మొగల్తూరు వాళ్లది, ఆకు పేరుపాలెం వాళ్లది,
అతుకు ఆవిడది.
వాళ్లనెప్పుడైనా చూశావా అంటే
"పువ్వు చూస్తాను కదా" అంది.

మూల పగిలిన ఆవిడ ఫోన్లో లింకు తెరిచాను.
హెడ్డింగు రెండు ముక్కలు. మెనూ బొమ్మ మీదెక్కింది.
డబుల్ కాట్ దుప్పటి కుడి అంచు దాటిపోయి
వేలితో జరిపేకొద్దీ ఇంకా వస్తూనే ఉంది.
దీనమ్మకి నవ్వాగలేదు:
"మంచం దిగిపోయింది పాపా నీ దుప్పటి."

కుదిస్తానన్నాను.
"కుదించకు. కుదిస్తే పువ్వు దారం ముడిలా ఉంటాది.
అసలెక్కణ్ణుంచి మొదలెట్టావు?"
పెద్ద తెర నుంచి, అన్నాను.
"దుప్పటిని అంచు నుంచి ఎవరల్లుతారే!
నడిమి పువ్వు ముందు. రుమాలైతే అక్కడే ఆగిపోద్ది.
టీపాయి గుడ్డకి ఇంకో రెండు చుట్లు.
మంచం ఎంతుంటే అంతదాకా వెళ్తా ఉండడమే.
రుమాల్లో ఆకు వదిలెయ్యొచ్చు, తీగ వదిలెయ్యొచ్చు.
అంచు మాత్రం వదలకు. అది లేకపోతే రేపటికి ఊడొస్తాది."

కాకినాడ కోర్సులో ఇదే మాట
ఇంగ్లీషులో గోడ మీద వేసి చూపించారు.
రాసుకున్నాను కూడా.

ఆ రాత్రి థీమంతా విప్పేశాను.
మాక్స్ అని ఉన్న చోటల్లా మిన్ అని మార్చుకుంటూ
ఆవిడ ఫోను వెడల్పు, మూడొందల అరవై పిక్సెళ్లు,
అక్కణ్ణుంచి మొదలు.
ఒక పేరు, ఒక పువ్వు, ఒక ఫోన్ నంబరు.
కరెంటు పోయింది. కాలవ మీంచి దోమలొచ్చాయి.
కొంచెం వెడల్పుంటే రెండో పువ్వు.
ఇంకొంచెముంటే ధరలు.
అన్నిటికన్నా పెద్ద తెర ఉన్నవాళ్లకి మాత్రమే
గన్నాబత్తుల వారి ఫోటో.

ఫ్రేమ్‌వర్క్ ఫైలు నెత్తిన రాసినవాళ్ల పేరుంటుంది,
తీసెయ్యకూడదని షరతు.
లేసుకి అలాంటి మొదటి వరస లేదు.
అంచుకి క్లాసు పేరు దీనమ్మ అని పెట్టాను.
తెర మీద కనపడదు.
తీసేస్తే మాత్రం అన్ని వెడల్పుల్లోనూ ఊడొస్తుంది.

పొద్దున్నే పంటు మీంచి ఫోను.
ఇంజను మోతలో సగం వినపళ్లేదు.
"బాగుంది పాపా, పక్కకి జారట్లేదు.
మొదటి పువ్వుకి రేకులు లెక్కెట్టాను కానీ.
ఏడే ఉన్నాయి."

గడి నిండాలని బొమ్మ చుట్టూ కోసేసింది నేనే.
చల్లారిన టీ పక్కకి జరిపి
లాప్‌టాప్ మళ్లీ తెరిచాను.