లోపల ఇంకా మంగళవారం

జ్ఞానాపురం కాటా ఆఫీసులో
కిటికీ గట్టు మీద రోజుకో పొర బొగ్గు నుసి.
పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడుస్తాను.
పోర్టు గాలి ఇటు తిరిగిందంటే
మధ్యాహ్నానికి మళ్ళీ వేలితో పేరు రాసుకోవచ్చు.

లారీల బరువు లెక్కకట్టే పాత ప్రోగ్రాము
కొత్త కంప్యూటర్లో బతకనంది.
రాసినాయన ఎక్కడున్నాడో తెలీదు,
డైరీలో ఉన్న నంబరుకి అంకెలు ఆరే.
అందుకని కంప్యూటర్ లోపల
ఇంకో కంప్యూటర్ని కూర్చోబెట్టాను.
"వర్చువల్ మెషినంటే ఏటమ్మా?"
గేటు దగ్గర్నించి వచ్చి అడిగాడు గౌరునాయుడు.
కడుపుతో ఉన్న కంప్యూటర్ అన్నాను.
"మరెప్పుడు కంటాది?"
టీ గ్లాసు దించకుండా, నవ్వకుండా.

ఎనిమిది జీబీలో నాలుగు దానికి, నాలుగు మాకు.
అది మేలుకున్నంతసేపూ
మిగతావన్నీ అర్ధాకలితో ఈడుస్తుంటాయి,
ఫ్యాను ఘాట్ రోడ్డెక్కిన బస్సులా రొప్పుతుంది.

సాయంత్రం దాన్ని ఆపను, నిద్రపుచ్చుతాను.
పొద్దున్న లేపితే కళ్ళు నులుముకుని
ఇంకా నిన్నటి ఆరుంబావే అంటుంది.
మొన్న తుఫానుకి
యూపీఎస్ కీచుమంటుంటే హడావిడిగా పడుకోబెట్టి
కరెంటొచ్చాక, శుక్రవారం, లేపాను కదా:
లోపల ఇంకా మంగళవారం.
చెట్లు కూలలేదు. రేకులెగరలేదు.
బీచ్ రోడ్డు మీదికి సముద్రం రాలేదు.
సగం కొట్టిన లారీ నంబరు పక్కన
కర్సరు మిగతా సగం కోసం రెప్పలాడిస్తోంది.
కాసేపు దాని టైము దిద్దబుద్ధి కాలేదు.

అందరం కలిసి నింపే షీటు వేరే లోకం.
గౌరునాయుడు ఆకుపచ్చ,
గాజువాక యార్డులో ఫరీదా నారింజ,
పెందుర్తిలో ఇంటినుంచే పనిచేసే హైమావతి ఊదా.
నేనే రంగో నాకు కనబడదు.
ఇరుకు వంటింట్లో తోడికోడళ్ళలా
మోచేతులు తగలకుండా తిరుగుతాం.
నాయుడి వేళ్ళు లావు, పక్క గడి నొక్కేస్తాడు.
"నా లారీని మింగేశాడు" అని ఫరీదా మెసేజీ.

మీటింగులో ఎవరికైనా మొదటి మాట "వినబడుతోందా?"
రెండోది "మ్యూట్‌లో ఉన్నారండీ."
హైమావతి మైకు తెరిస్తే
కుక్కర్ కూత, వెనకాల ఎవరిదో మగగొంతు
పెద్దగా,
వెంటనే మూత.

నిన్న మొత్తాలు కలవక
ఎక్కడ తప్పిందోనని షీటు పాత రూపాలు తిరగేశాను.
రాత్రి ఒంటిగంటా పదకొండు. ఊదా రంగు.
రిమార్కుల గడిలో: "రేపు పనిలోకి రాను."
పదమూడు. చెరిపింది.
ఇరవై: "ఇంక రాను."
ఇరవై ఒకటి. ఖాళీ.
తర్వాత రెండింటప్పుడు
నలభై ఒకటో వరసలో
నాయుడు టన్నుల్లో వేసిన కిలోల్ని దిద్ది
వెళ్ళిపోయింది.

లోపలి మెషిన్‌తో నాకో వెసులుబాటుంది.
పెద్ద పని మొదలెట్టేముందు స్నాప్‌షాట్ తీసుకుంటాను.
చెడితే వెనక్కి.
మచ్చ ఉండదు, చెడిన సంగతి దానికే గుర్తుండదు.
షీటు అలా కాదు,
చెరిపిందాన్ని కూడా చీరల మడతల్లో డబ్బులా దాస్తుంది,
ఎవరు, ఎన్నింటికి, అన్నీ.
హైమావతికి ఈ సంగతి తెలుసో లేదో.
తెలిసే రాసిందేమో.

ఇవాళ పొద్దున్న ఊదా కర్సరు
అదే గడిలో, కదలకుండా.
పక్క గడిలో నాది పెట్టాను.
చాలాసేపు ఏం కొట్టాలో తోచలేదు.
"టీ తాగుదామా?" అని కొట్టేలోపు
బయట నాయుడి కేక, కాటా మీద బండి ఉందని.
ఇరవై తొమ్మిది టన్నుల చిల్లర. చీటీ చింపిచ్చి
తిరిగొచ్చేసరికి నా ప్రశ్న కింద ఊదాలో
"కాంప్లెక్స్ దగ్గర. ఐదుకి."
చదువుతుండగానే చివరి అక్షరం నుంచి
ఒక్కొక్కటే వెనక్కి నడిచి
గడి ఖాళీ అయింది.

నేను కిటికీ దగ్గరికెళ్ళి
నుసిలో వేలితో "5" అని రాసుకున్నాను.
తడిగుడ్డ బకెట్లోనే ఉంది.
ఇవాళ్టికి తుడవను.