ఊదారంగు మందు

ఏడు వారాల పెట్టలు, తొమ్మిది.
లాహేవ్ నది మీంచి పొగమంచు కదలలేదని
మూడు రోజులు బయటికి వదల్లేదు.
తప్పు అక్కడే మొదలైంది, నాదే.

నాలుగోనాడు పొద్దున తలుపు తీస్తే
రంపపు పొట్టు మీద ఎర్రటి చుక్కలు.
మూలన బూడిదరంగు పిల్ల
గోడకి ముఖం పెట్టి నిలబడింది,
తోక ఉండాల్సిన చోట పచ్చి కండ.
పొడుచుకు తినడమంటే
మాటవరసకి అనే మాటనుకున్నాను ఇన్నాళ్ళూ.

మొదలుపెట్టింది ఎవరో తెలుసు.
రాగిరంగుది, కాలికి పసుపు రింగు.
నిగనిగలాడే ఒళ్ళు, తిండి దగ్గరికి ముందు అదే.
నిజం చెప్పాలంటే నాకు ఇష్టమైనదీ అదే.
కానీ మిగతా ఏడూ ఊరికే లేవు.
ఒకటి పొడిచిన చోటే ఇంకొకటి,
ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నట్టు,
కోపం కూడా లేకుండా.

ముప్ఫయ్యొక్క ఏళ్ళు బడి బస్సు నడిపాను.
నెత్తి మీద వెడల్పాటి అద్దం,
అద్దంలో మూడో వరస,
అక్కడ ఎల్వుడ్ హిర్టిల్ అనే పిల్లాడు.
ఎప్పుడూ ముక్కు కారేది. వాళ్ళమ్మ అల్లిన ఆకుపచ్చ టోపీ.
ఆ టోపీ చేతులు మారుతూ వెనక్కి వెళ్ళడం చూశాను,
కిటికీలోంచి ఎగిరిపోవడమూ చూశాను.
కూర్చోండి అని అరిచాను.
అందర్నీ. వాణ్ణి కూడా.
రోడ్డంతా గాజులాంటి మంచు,
రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండాలి కదా
అన్నాను ఆ రాత్రి మెర్విన్‌తో.
సూపు తాగుతూ తల ఊపాడు.

ఇప్పుడు దాణా కొట్టు ఎల్వుడ్‌దే. గడ్డం నెరిసింది.
పుండు ఎంతుందని అడగలేదు,
చోటు ఎంతుందని అడిగాడు.
చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు.
"ఇది పుండు మానడానికి కాదు మిసెస్ కోర్కమ్,
ఎరుపు కనబడకుండా.
ఎర్రగా కనబడితే మంచి పెట్ట కూడా ఆగలేదు.
ఆ పసుపు రింగుదాన్ని విడిగా పెట్టండి,
మిగతావాటికి కనబడేలా, నాలుగు రోజులు.
తిరిగొచ్చేసరికి దాని చోటు దానికుండదు."
ఎన్నోసార్లు నడిచిన దారి చెప్పినట్టు
నిదానంగా చెప్పాడు.
టోపీ సంగతి అడుగుదామని నోరు తెరిచి
ఎంతయింది అన్నాను.
పదకొండు డాలర్లు.
చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చాను.

మెర్విన్ పోయాక షెడ్డులో మిగిలిన లాబ్‌స్టర్ల బోను
దులిపి, వల బిగించి, రాగిదాన్ని అందులో పెట్టాను.
మొదటిరోజంతా అరిచింది.
రెండోరోజు నీళ్ళు తాగింది.
ముక్కులకి వేరే పని ఉండాలని
క్యాబేజీకి తాడు కట్టి వేలాడదీశాను.
పాత తలుపుచెక్కలు రెండు అడ్డం నిలబెట్టాను,
తరిమితే చాటుకి పోవడానికి.
బూడిదరంగుది మాత్రం వంటింట్లో, అట్టపెట్టెలో,
ఊదారంగు పిర్రతో
నాలుగు రాత్రులు రేడియోలో వాతావరణం వింది.
నా వేళ్ళదీ అదే రంగు.
ఆదివారం చర్చిలో చేతులు జేబులోంచి తియ్యలేదు.

ఐదోరాత్రి, అన్నీ నిద్రలో ఉండగా
రెంటినీ కర్ర మీదికి చేర్చాను.
తెల్లారి బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను
చేతిలో కాఫీ చల్లారేదాకా.
రాగిది రెండు పోట్లు తింది, తల దించింది.
బూడిదది తిండి దగ్గరికొచ్చింది.
తోక దగ్గర కొత్త ఈకలు, సూదుల్లా, ఇంకా విచ్చుకోలేదు.
నాలుగు గింజలు తింది. పక్కకి చూసింది.
అన్నిటికంటే చిన్నదాన్ని, ఆ చుక్కలదాన్ని,
నెత్తి మీద
ఒక్కటి పొడిచింది.

బకెట్ మీంచి లేచాను.
రక్తం లేదు. ఈక ఊడలేదు.
చుక్కలది చెక్క వెనక్కి పోయి, ఇటు నుంచి వచ్చి, తింటోంది.
అయినా నేను కూర్చోలేదు.
నిన్నటి క్యాబేజీలో కాడ ఒక్కటే మిగిలింది,
తాడుకి మెల్లగా తిరుగుతూ.