తెలుగు కోసం నాలుగు నొక్కండి

నాలుగు నొక్కిన వాళ్ళంతా నాకే వస్తారు.
బొమ్మనహళ్ళిలో నాలుగో అంతస్తు,
కిటికీ కింద హోసూరు రోడ్డు,
వానలో నానుతున్న బ్రేకు లైట్ల ఎరుపు.
నా హిందూపురం యాసని
ట్రైనింగులో ఇస్త్రీ చేసి పంపారు.
కంగారు పడితే మళ్ళీ మడతలు.

పదకొండూ ముప్పై ఎనిమిదికి ఆమె వచ్చింది.
"కుటైసీ నుంచండీ, జార్జియా.
గుమ్మళ్ళ సువర్చల.
తణుకులో ముప్పయ్యొక్కేళ్ళు జాగ్రఫీ చెప్పాను.
మూడు నెలలకని వచ్చాను,
ద్రాక్షకోతలు చూసి కదులుదామని ఆగిపోయాను.
ఇన్సూరెన్సు ఇవాళ్టితో ఆఖరు.
ఇంకో రెండు నెలలకి కొత్తది ఇవ్వండి."

కొత్తది ఇవ్వరు.
ఫారంలో మొదటి ప్రశ్నే అది:
ప్రయాణం మొదలైందా?
అవునంటే తెరంతా బూడిదరంగు,
ఆపైన ఏ మీటా పలకదు.
గడప దాటినవాళ్ళకి
మేం గొడుగు అమ్మం.

"అయితే తణుకొచ్చి, కొనుక్కుని, మళ్ళీ రావాలా?"
నవ్వింది.
నవ్వు చివర దగ్గింది.

పాతదాన్నే పొడిగించవచ్చు మేడం,
గడువు తీరకముందే అయితే.
"తీరలేదుగా! ఇక్కడింకా పదీ ఎనిమిదే.
అర్ధరాత్రికి బోలెడు టైముంది."
పాలసీకి అర్ధరాత్రి మాదండీ.
ఇరవై రెండు నిమిషాలుంది.

కాసేపు మాట లేదు.
ఆమె వెనక గిన్నెల చప్పుడు,
నాకు రాని భాషలో ఎవరో పిల్లాడి మారాం.
"రేఖాంశాలు," అంది మెల్లగా.
"నారింజపండు వలిచి చూపిస్తూ చెప్పేదాన్ని.
ఒక్క వెధవా పాఠం వినేవాడు కాదు,
అందరి కళ్ళూ తొనల మీదే."

పాస్‌పోర్టు నంబరు. పుట్టిన తేదీ. నామినీ?
"అక్కచెల్లెళ్ళం ముగ్గురం.
తగువు పెట్టకుండా నడిమిదాని పేరు రాయండి."
ఓటీపీ ఇండియా సిమ్ముకి వెళ్ళింది.
ఇండియా సిమ్ము పాత ఫోనులో ఉంది.
పాత ఫోను పెట్టెలో ఉంది.
పెట్టె మంచం కింద ఉంది.
మంచం జరుగుతున్న శబ్దం
రెండు దేశాల మీదుగా నా చెవిలో.
చన్నబసప్ప నా కుర్చీ వెనక నిలబడి
"బేగ, బేగ" అంటున్నాడు.

పదకొండూ యాభై ఒకటి. ఆరోగ్య ప్రకటన.
గత పదిహేను రోజుల్లో
జ్వరం, దగ్గు, ఆయాసం
ఏమైనా ఉన్నాయా మేడం?

అటు ఊపిరి.

"అవునంటే ఏమవుతుంది?"
నేను జవాబు చెప్పకూడదు.
మేడం, అన్నాను,
ఈ కాల్ రికార్డవతా ఉంది.
ఒక్క క్షణం ఆగి, ఇంకోసారి అన్నాను,
ఈసారి మరీ నెమ్మదిగా:
రికార్డులో మీరేం చెప్తే అదే ఉంటుంది.

ఆమెకి అర్థమైంది.
"చూడు బాబూ," అంది,
అండీ ఎక్కడో జారిపోయింది,
"పరీక్ష హాల్లో జవాబులు అందించేవాళ్ళని
ముప్పయ్యొక్కేళ్ళు పట్టుకున్నాను.
నాకు అందించినవాడు మాత్రం
నువ్వే మొదలు."

ఇంకో దగ్గు. దాచుకోని దగ్గు.
"రాసుకో. తొమ్మిది రోజులు.
పొద్దుట పూట ఎక్కువ."

రాసుకున్నాను.
యంత్రం ఒక నిమిషం తిరిగి తిరిగి
ఒప్పుకుంది, ఒక షరతు మీద:
ఊపిరితిత్తులు మినహా.

చదివి వినిపించాను.
"అంటే కాళ్ళు విరిగితే మీవి,
గుండె ఆగితే మీది,
గాలి ఒక్కటీ నాది."
అవునండీ.
"సరే. గాలి సంగతి నేను చూసుకుంటా."

పదకొండూ యాభై ఎనిమిదికి డబ్బు కట్టింది.
పన్నెండు దాటింది.
మాకు బుధవారం వచ్చేసింది.
ఆమె ఇంకా మంగళవారంలోనే
మంచం వెనక్కి జరుపుకుంటోంది కాబోలు.

మా సేవకి ఐదులో ఎన్ని ఇస్తారని
మరబొమ్మ గొంతు ఆమెను అడిగింది.
ఆమె నాలుగు నొక్కింది.

ఆ ఒక్క మార్కూ
ఎక్కడ పోయిందో నాకు తెలుసు.